రెండో గుండె ఎవరిది?

ఆ కాగితం మీద కొట్టుకుంటున్న గుండెలు రెండు.

నర్సు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. తేడా ఏమీ లేదు. ఫైలు మీద పేరొకటే, మనిషీ ఒకడే. అతను ఇంటి నుంచి పంపిన ముప్పై సెకన్ల ఈసీజీ గీతలో మాత్రం పెద్ద కొట్టుకోవడాల మధ్య, వాటితో తమకేమీ సంబంధం లేనట్టు, ఇంకేవో చిన్న కొట్టుకోవడాలు దూరి ఉన్నాయి.

పోయిన వారం మనం ఈమెను ఆసుపత్రి మెట్ల మీద వదిలి వచ్చాం. అప్పటికి జరిగింది ఇదీ. జీవితమంతా లిఫ్టులు బాగుచేసి రిటైరైన ఒక మెకానిక్, అందరి నోటా లిఫ్టాయన, గుండె దడ జబ్బుతో ఆసుపత్రికి వచ్చాడు. గుండె పై గదులు లయ తప్పి వణికే జబ్బది. ఐదు నెలల కిందట పెద్ద డాక్టరు తొడ దగ్గర నుంచి సన్నటి తీగ పంపి, లోపల అల్లరి చేస్తున్న చోట్లను కాల్చాడు. నెల రోజులు లయ చక్కగా నడిచింది. తరవాత మళ్ళీ తప్పింది. మందు పెంచారు. లాభం లేకపోయింది. ఇంకా పెంచారు. పది రోజుల కిందట లిఫ్టాయన కూరగాయల బజారులో కళ్ళు తిరిగి కిందపడ్డాడు. ఇక రెండోసారి కాల్చడం తప్ప దారి లేదని పెద్ద డాక్టరు తేల్చేశాడు. రేపు పొద్దున ఎనిమిది గంటలకి.

ఆ పనికి ఫైలు సిద్ధం చేస్తూ, గీతలన్నీ వరసగా అచ్చు తీస్తుంటే ఈ కాగితం ఆమె కంట పడింది.

వాళ్ళ విభాగాన్ని రోగులు దడ గది అంటారు. ఇదివరకు ఒక్క రోగానికి నాలుగు గుమ్మాలు ఎక్కి దిగాల్సి వచ్చేది. గుండె డాక్టరు ఒక మందు రాసేవాడు, వీధి చివరి డాక్టరు అది ఆపేసి ఇంకోటి రాసేవాడు, మందుల కొట్టువాడు రెండూ ఇచ్చేవాడు. ఇప్పుడు ఇద్దరు డాక్టర్లూ, మందుల మనిషీ, నర్సూ, నలుగురూ ఒకే చోట, ఒకే ఫైలులో రాస్తారు. నలుగురికీ నాలుగు రంగుల సిరా. బీపీ దగ్గర నుంచి బరువు దాకా, నిద్ర దగ్గర నుంచి మాత్రల దాకా అన్నీ అందులోనే. మిగతా ముగ్గురినీ, రోగినీ కలిపి ఉంచే ముడి ఈ నర్సు. వారానికోసారి ఫోన్ చేసేది ఆమే, మాత్ర వేసుకోలేదని తిట్టేదీ ఆమే.

పద్ధతి మంచిదే. ఇబ్బందల్లా ఒక్కటే. ఇంటి మిషన్ పంపే గీత పైన దాని తీర్పు ఒక్క ముక్కలో వస్తుంది, లయ బాగుంటే పచ్చ అక్షరాల్లో, తప్పితే ఎర్ర అక్షరాల్లో. పదహారు వారాలుగా నర్సు, నడుమ అప్పుడప్పుడు పచ్చ వచ్చినా పట్టించుకోకుండా, ఆ ఎర్ర ముక్కను నీలం సిరాతో ఫైల్లోకి ఎక్కిస్తోంది. అది చూసి డాక్టరు ఆకుపచ్చ సిరాతో మందు పెంచాడు. నలుగురు చూస్తున్నారు కదా అని నలుగురూ ధీమాగా ఉన్నారు. గీత కేసి మాత్రం ఒక్కరూ చూడలేదు.

"బాబాయ్!" అని కేకేసింది.

మందుల గది కిటికీలోంచి బట్టతల ఒకటి బయటికొచ్చింది. రక్తం పలచబరిచే మాత్రల మోతాదు చూసే ఫార్మసిస్టు. వరసకేమీ కాకపోయినా ఆసుపత్రిలో సగం మందికి బాబాయే.

"ఏంటమ్మాయ్, నిప్పంటుకుందా?"

"ఇది చూడండి. రెండు రకాలున్నాయి."

బాబాయ్ కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. "మిషన్‌కి పిచ్చెక్కింది. నా పెళ్ళప్పటి రేడియో కూడా ఇంతే, ఒకేసారి రెండు స్టేషన్లు పలికేది."

"రోజూ ఎక్కితే పిచ్చనుకుందును. ఆదివారం ఎక్కట్లేదు."

పదహారు ఆదివారాల కాగితాలు వేరే కుప్పగా పెట్టింది. ఒక్కదాంట్లోనూ చిన్న కొట్టుకోవడం లేదు. పెద్దవి మాత్రమే, మడతపెట్టిన బట్టల్లా వరసగా.

బాబాయ్ నవ్వు ఆగిపోయింది. కిటికీ వదిలి చుట్టూ తిరిగి వచ్చాడు.

ఆ మిషన్ పెద్ద యంత్రమేం కాదు. అగ్గిపెట్టెకి అన్నలా ఉంటుంది. దాని మీద రెండు రేకులు. ఎడం బొటనవేలు ఒకదాని మీద, కుడి బొటనవేలు ఇంకోదాని మీద పెట్టి ముప్పై సెకన్లు కదలకుండా కూర్చోవాలి. ఒక చేతి నుంచి గుండె మీదుగా ఇంకో చేతికి దారి పూర్తవుతుంది, గీత పడుతుంది. నర్సు అల్మారాలోంచి స్పేర్ మిషన్ తీసింది.

"మీ చెయ్యి ఇవ్వండి బాబాయ్."

"మీ పిన్ని చూసిందంటే రేపటి నుంచి నాకు కాఫీ ఉండదు."

"చమత్కారం తరవాత. మీ కుడి బొటనవేలు ఇటు పెట్టండి. నా ఎడమది ఇటు. రెండో చేతులు పట్టుకుందాం."

పట్టుకున్నారు. ముప్పై సెకన్లంటే ఎంతసేపో చెయ్యి పట్టుకుంటేనే తెలుస్తుంది. రోజుకి నలభై మంది మణికట్లు పట్టుకునే మనిషి ఆమె. కానీ అది నాడి చూడడం. గూడ్సు రైలు నడిపే మొగుడు ఇంట్లో ఉన్న వేళ ఈమె డ్యూటీలో ఉంటుంది, ఈమె ఇంటికొచ్చేసరికి అతను సిగ్నళ్ళ కింద ఉంటాడు. ఫ్రిజ్జు మీద చీటీలతో కాపురం నడుస్తోంది. ఊరికే, ఏ పనీ లేకుండా ఒకరి చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో లెక్క వేయబోయి మానేసింది.

మిషన్ కూత పెట్టింది. ఎర్ర అక్షరాలు. లయ తప్పింది.

"చచ్చాం. నాకూ వచ్చిందా?" అన్నాడు బాబాయ్.

"మీకూ రాలేదు, నాకూ రాలేదు. చూడండి. ఇవి మీవి, ఇవి నావి. ఎవరి లయలో వాళ్ళు బాగానే ఉన్నారు. రెండూ ఒకే గీత మీద పడేసరికి దానికి గందరగోళంగా కనబడింది."

నర్సుకి ఒళ్ళు తేలికపడింది. అంటే లిఫ్టాయన గుండె బాగుంది! అతనెవరి చెయ్యో పట్టుకుని రీడింగు తీస్తున్నాడు, అంతే. రేపు కాల్చక్కర్లేదు. మందులు సగానికి తగ్గించొచ్చు. పెద్ద డాక్టరుకి ఫోన్ చేద్దామని రిసీవరు ఎత్తింది.

"ఆగమ్మాయ్," అన్నాడు బాబాయ్.

అతను డ్రాయరులోంచి స్టీలు సూదికాళ్ళు తీశాడు. రెండు సూదుల మధ్య దూరంతో కొట్టుకోవడాలు కొలిచే పనిముట్టు. పాతకాలం మనిషి, కంప్యూటరు కన్నా దాన్నే నమ్ముతాడు. పెద్ద వాటిని కొలిచాడు. ముప్పై గళ్ళు, ముప్పై, ముప్పై. ఎక్కడా వీసమెత్తు తేడా లేదు. చిన్న వాటి మీద సూదులు పెట్టాడు.

పదకొండు. పంతొమ్మిది. తొమ్మిది. ఇరవై నాలుగు. పదమూడు.

ఇంకో కాగితం. పది. పదిహేడు. ఎనిమిది.

సూదికాళ్ళు బల్ల మీద పెట్టేసి నర్సు కేసి చూశాడు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఎర్ర అక్షరాలు అబద్ధం చెప్పలేదు. మనిషి మారాడంతే. దడ జబ్బు ఆ గీతలో నిజంగానే ఉంది. అది లిఫ్టాయనకి లేదు. అతని చెయ్యి పట్టుకున్న వాళ్ళకుంది.

"ఆ మనిషి మన ఫైళ్ళలో ఉన్నారా?" అన్నాడు బాబాయ్ గొంతు తగ్గించి.

"ఎవరో తెలిస్తే కదా!"

"అయితే మాత్ర వేసుకుంటున్నట్టు లేదు."

వణికే గదిలో రక్తం నిలవుంటుంది. నిలవున్న రక్తం గడ్డ కడుతుంది. గడ్డ కదిలి మెదడు దారి పట్టిందంటే పక్షవాతం. అందుకే దడ గదిలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళకీ ముందు ఇచ్చేది రక్తం పలచబరిచే మాత్ర. ఆ పేరు లేని మనిషి ఏ మాత్రా లేకుండా పదహారు వారాలుగా తిరుగుతున్నారు. రోజూ తమ ప్రమాదాన్ని తామే గీత గీసి పంపిస్తున్నారు, ఇంకొకరి పేరు మీద.

పెద్ద డాక్టరు ఫోన్లో అంతా విన్నాడు. ఆయనెప్పుడూ నాలుగు ముక్కల మనిషి.

"రేపటి పని రద్దు. మందులు తగ్గించండి. ఆ రెండో మనిషిని ఇవాళే నా ముందుకి తీసుకురండి." తరవాత అడిగాడు, "ఆ ఫైల్లో నా సంతకాలు ఎన్ని ఉన్నాయి?"

"ఏడు సార్."

"నావి నేను చూసుకుంటాను. మీరు బయల్దేరండి."

లిఫ్టాయన ఉండేది బజారు వెనక వీధిలో, ఐదంతస్తుల పాత భవనంలో. కింద వరసగా కొట్లు. మొదటిది బట్టలు సరిచేసి కుట్టే కొట్టు. గుమ్మంలో కుట్టు మిషన్ ముందు, మెడలో టేపు వేసుకుని, యాభై ఎనిమిదేళ్ళావిడ ప్యాంటు అంచు మడిచి కుడుతోంది. నర్సు లిఫ్టాయన ఇల్లు అడిగింది. ఆవిడ తలెత్తి యూనిఫాం కేసి చూసింది. కాలి కింద మిషన్ ఆగింది.

"మూడో అంతస్తు. లిఫ్టు అదిగో. నేనైతే దాని మొహం చూడను గానీ, మీరు ఎక్కండి." తరవాత అడిగింది, "రేపు కదా ఆయన వెళ్ళాల్సింది?"

"చిన్న పనుండి వచ్చానమ్మా."

మూడో అంతస్తు తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. బందులకి నూనె వేసే అలవాటున్న ఇల్లు. గుమ్మంలో లిఫ్టాయన, అరవై రెండేళ్ళ పొడుగాటి మనిషి, మొహమంతా నవ్వు.

"సిస్టరమ్మా! రేపు నేనే వద్దును కదా. సంచి కూడా సర్దేశాను, చూడండి. దువ్వెన, తువ్వాలు, చెప్పులు."

"సంచి విప్పేయండి. రేపేమీ లేదు."

"అదేంటి? డాక్టరుగారికి ఒంట్లో బాలేదా?"

"డాక్టరుగారికి బాగుంది. మీకూ బాగుంది. చిక్కంతా అక్కడే ఉంది."

లోపలికి వచ్చి చూసింది. కిటికీ దగ్గర రెండు కుర్చీలు, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా ఎదురెదురుగా వేసి ఉన్నాయి. మధ్యలో స్టూలు, దాని మీద మడిచిన శుభ్రమైన గుడ్డ, గుడ్డ మీద మిషన్. ఒంటరి మనిషి ఇల్లని ఫైల్లో ఉంది. అవసరమైతే ఎవరికి చెప్పాలి అన్న గడిలో అతను తన చేత్తో రాసింది 'లిఫ్టు కంపెనీ' అని. ఒక కుర్చీ చేతి మీద మాత్రం రంగురంగుల దారం ముక్కలు అంటుకుని ఉన్నాయి.

నర్సు రెండు కాగితాలు స్టూలు మీద పరిచింది. "ఇది మీ ఆదివారం. ఇది మీ సోమవారం. తేడా చెప్పండి."

అతను వైరింగు పటం చూసినట్టు వంగి చూశాడు. ఐదు సెకన్లు పట్టలేదు, చెవులు ఎర్రబడ్డాయి.

"ఎక్కడో కనెక్షన్ లూజై ఉంటుంది."

"లూజు కనెక్షన్‌కి ఆదివారం సెలవా?"

అతను కాగితాన్ని ఆమె వైపు నెట్టేశాడు.

"ఎవరి చెయ్యి పట్టుకుంటున్నారు?"

"చెయ్యేంటి సిస్టరమ్మా, ఈ వయసులో!"

"అరవై దాటితే చేతులు రాలిపోతాయా? నవ్వులాట కాదండీ. లేని జబ్బుకి మందు మింగి బజార్లో పడ్డారు. తల పగిలి ఉంటే? రేపు మిమ్మల్ని పడుకోబెట్టి బాగున్న గుండెను మళ్ళీ కాల్చేవాళ్ళం. ఆ తీగ లోపల ఉండగా ఏమైనా అయితే ఎవరు జవాబు చెబుతారు? ఎందుకు దాచారు?"

"అది నా గుండె, నా ఇష్టం," అన్నాడు లిఫ్టాయన మొండిగా. చేతులు కట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. "రేపు రద్దంటున్నారు. మరి రోజూ రీడింగు?"

"ఇంకెందుకు? లయ బాగుంటే మిషన్ వెనక్కి తీసేసుకుంటాం."

మొండితనం ఎక్కడికి పోయిందో పోయింది. ఏదో బేరం కుదరక దుకాణం ముందే నిలబడిపోయిన మనిషిలా మిషన్ కేసి చూస్తూ ఉండిపోయాడు. "ఇంకో నెల ఉంచండి," అన్నాడు. "పోనీ రెండు వారాలు."

నర్సుకి జాలేసింది. జాలి పడే టైము లేదు.

"నేను మీ గుండె కోసం రాలేదు." వేలితో చిన్న కొట్టుకోవడాల్ని ఒక్కొక్కటే తాకింది. "ఇవి మీవి కావు. ఆ మనిషివి. ఒక పద్ధతీ పాడూ లేకుండా కొట్టుకుంటున్నాయి. మీకు వచ్చి పోయిన జబ్బు ఆ మనిషికి ఉంది, ఇప్పుడుంది. మీరు మాత్ర మీద ఉన్నారు. వాళ్ళు లేరు. ఏ నిమిషంలోనైనా గడ్డ మెదడుకి ఎక్కొచ్చు."

అతను రెండు కాగితాలూ దగ్గరికి లాక్కున్నాడు.

"తప్పు కొలిచి ఉంటారు."

"మా బాబాయ్ సూదులు పెట్టి కొలిచాడు."

"ఆయన లిఫ్టులు కొలిచాడా ఎప్పుడైనా?" అని లేచి, గోడవారనున్న పనిముట్ల పెట్టె తెరిచాడు. స్టీలు స్కేలు తీసి, వంగి, తనే కొలిచాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి. జాగ్రత్తగా దాన్ని పెట్టెలో పెట్టేశాడు.

"ఒకసారి వచ్చి తగ్గిపోతే, తగ్గినట్టేనా?" అన్నాడు.

"ఏది?"

"ఏదో. ఏదైనా."

"ఈ జబ్బులో తగ్గినట్టు కనిపించేదేదీ తగ్గినట్టు కాదు. ఎవరండీ?"

అతను గడ్డంతో నేల వైపు చూపించాడు. "కింద. కుట్టుపని కొట్లో. మా ఆవిడ."

నర్సు ముక్కు మీద వేలేసుకుంది. "కొట్లో ఆవిడా? ఇంట్లో ఎవరూ లేరని రాశారు!"

"ఇంట్లో లేదు కదా. కొట్టు వెనక గదిలో ఉంది. పదకొండేళ్ళయింది. నేను లిఫ్టులు చూసే రోజుల్లో ఎప్పుడు ఫోనొస్తే అప్పుడు పరిగెత్తాలి. ఎవరో లోపల ఇరుక్కుని ఉంటారు కదా. తను పిలిస్తే, ఇదిగో వస్తున్నా అనేవాణ్ణి. ఆ ఇదిగో ఎప్పటికీ అయ్యేది కాదు. లిఫ్టు నా సవతి అనేది. ఒకరోజు ఇంటికొచ్చేసరికి కుట్టు మిషన్ లేదు. కింద గది అద్దెకి తీసుకుంది. కొట్టు దగ్గరని తీసుకున్నాను, మీకోసమేం కాదు, అంది. అప్పటి నుంచీ లిఫ్టెక్కదు. ఎంత బరువున్నా మెట్లే."

"మరి ఈ పదహారు వారాలూ?"

"పొద్దున ఏడింటికి వస్తుంది. ఆదివారం వాళ్ళ చెల్లెలింటికి పోతుంది." తలుపు కేసి చూశాడు. "మెట్లెక్కి వస్తుంది. రెండో అంతస్తు మలుపులో ఆగుతుంది. నేను తలుపు వెనక నిలబడి వింటూ ఉంటాను, గడియ మీద చెయ్యేసి. మొదట్లో పది అంకెలు లెక్కపెట్టేలోపు మళ్ళీ అడుగులు వినపడేవి. ఇప్పుడు ముప్పై దాటుతోంది. పైకి రావాలా, వెనక్కి దిగిపోవాలా అని తనలో తనే కొట్టుమిట్టాడుతోంది అనుకునేవాణ్ణి. వెయ్యి అంకెలైనా సరే నిలబడి ఉందామనుకునేవాణ్ణి."

"అది ఆయాసమండీ," అంది నర్సు నెమ్మదిగా.

"ఇప్పుడే తెలిసింది."

సరిగ్గా అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు. గట్టిగా, తొందరగా ఎక్కుతున్నాయి. యూనిఫాం మనిషి పైకెళ్ళి అరగంటయినా దిగకపోతే కింద ఎవరు నిలవగలరు? చప్పుడు రెండో అంతస్తు మలుపు దాకా వచ్చి ఆగింది.

లిఫ్టాయన పెదవులు కదులుతున్నాయి. పది. ఇరవై. ముప్పై. నలభై. నర్సు తలుపు వైపు రెండడుగులు వేసింది. అతను అడ్డంగా వచ్చాడు.

"నన్ను చెప్పనివ్వండి. మీ నోట వింటే నేను మీ వెనక దాక్కున్నాననుకుంటుంది, నా మీద నమ్మకం ఎలాగూ లేదు. నా నోటే వినాలి."

"చెబితే రేపటి నుంచి ఏడింటికి ఎవరూ రారు. తెలుసు కదా?"

"తెలుసు."

"రెండు నిమిషాలు. తరవాత నేను చెబుతాను. అంబులెన్సుకి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను."

ఆమె ఫోను ముగించేసరికి అడుగులు మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి మెల్లగా. గుమ్మంలో కుట్టుపని ఆవిడ. మెడలో టేపు అలాగే ఉంది. తలుపు చట్రం పట్టుకుని గాలి కోసం వెతుక్కుంటోంది. కళ్ళు మాత్రం ముందుగా మొగుడి మీదకే పోయాయి.

"ఏమైంది ఈయనకి? మళ్ళీ పడ్డారా?"

"లేదమ్మా. కూర్చోండి."

ఆవిడ దారం ముక్కలున్న కుర్చీలో కూర్చుంది. స్టూలు మీద కాగితాలు చూసింది, ఎర్ర అక్షరాలు చూసింది, తనకి తోచిన అర్థం తను తీసుకుంది.

"రీడింగు సరిగ్గా రాలేదా? తప్పు నాదే అయి ఉంటుంది సిస్టర్‌గారూ. బేరం ఉందని కంగారులో కదిలానేమో. అందుకు ఆయన్ని ఏమీ అనకండి. ఆ మిషన్ ఇలా ఇవ్వండి, మళ్ళీ తీద్దాం." బొటనవేలు చీర కొంగుకి తుడుచుకుంది. రెండో చెయ్యి మొగుడి వైపు చాచింది. "ఊఁ. పట్టుకోండి."

గరుకు చెయ్యి. సూది పోట్ల మచ్చలున్న వేళ్ళు. లిఫ్టాయన దాని కేసి చూశాడు. అతని చెయ్యి సగం దాకా లేచి, ఆగి, వెనక్కి పోయి మోకాలి మీద వాలింది.

గాల్లో ఉండిపోయిన ఆ చేతిని నర్సు అందుకుంది. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించింది. రెండు కొట్టుకోవడాలు గబగబా, ఒక ఖాళీ, ఒకటి గట్టిగా, మూడు ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ, మళ్ళీ ఖాళీ. తలెత్తి లిఫ్టాయనకి సైగ చేసింది.

అతను మిషన్‌ని పక్కకి జరిపాడు.

"ఆ మిషన్‌కి ఒక్క మనిషి చాలు," అన్నాడు. "ఇద్దరు అక్కర్లేదు. ఎప్పుడూ అక్కర్లేదు. ఆరోజు నువ్వు నా చొక్కాకి గుండీలు కుట్టి తెచ్చావు, గుర్తుందా? గుమ్మంలోనే ఇచ్చి దిగిపోయేదానివి. నా చేతిలో ఇది చూసి, అదేంటి అన్నావు. పదకొండేళ్ళలో నన్ను నువ్వు అడిగిన మొదటి ప్రశ్న. రెండు ముక్కల్లో జవాబు చెబితే వెళ్ళిపోతావు. అందుకని, దీనికి ఇద్దరు కావాలి, లిఫ్టు తలుపుల్లాగా, అన్నీ కలిస్తేనే సర్క్యూట్ పూర్తవుతుంది అన్నాను. నువ్వు నమ్మావు. కూర్చున్నావు. చెయ్యి ఇచ్చావు."

"అబద్ధమా?" అంది ఆవిడ. "ఇన్నాళ్ళూ?"

"ఇన్నాళ్ళూ. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నువ్వు నిజంగా పిలిస్తే నేనొక్కసారీ రాలేదు. నేను అబద్ధం చెప్పి పిలిస్తే నువ్వు ఒక్కరోజూ మానలేదు. అది తెలిసీ ఆపలేకపోయాను. నీ గుండె నా గీతలో కలిసి వాళ్ళు మందు పెంచారు, మింగాను. పడ్డాను, లేచాను. రేపు కాలుస్తామన్నారు, కాల్చుకోమన్నాను. నా ఒళ్ళే కదా అనుకున్నాను. ఇదిగో, ఇక్కడ, నీ నాడి నా వేళ్ళ కింద ఎగిరెగిరి పడేది. నా కోసమే అనుకున్నాను. మలుపులో ఆగేది నా కోసమే అనుకున్నాను. అది నీ జబ్బు. నాకు వచ్చిందే నీకూ వచ్చింది. దాన్ని చూసి నేను పదహారు వారాలు మురిసిపోయాను."

ఆవిడ చెయ్యి లాక్కోబోయింది. నర్సు వదల్లేదు.

"ఇంకా ఉంది," అన్నాడు లిఫ్టాయన. ఈసారి పెళ్ళాం కేసి కాదు, నర్సు కేసి చూశాడు. "ఇది మీ కాగితాల్లో లేదు సిస్టరమ్మా."

నర్సు వేళ్ళు నాడి మీద బిగుసుకున్నాయి.

"పోయిన శుక్రవారం, ఇదే కుర్చీలో, నువ్వు కత్తెర అనబోయావు. మాట రాలేదు. మళ్ళీ అనబోయావు, ఏదో ముద్దగా వచ్చింది. పెదవి ఒక పక్కకి జారింది. కుడి చెయ్యి నా చేతిలోంచి ఒళ్ళో పడిపోయింది. పది నిమిషాలు. తరవాత దానంతటదే సర్దుకుంది. నిద్ర చాలక అలా అయింది, ఎవరికీ చెప్పకండి అన్నావు. సరేనన్నాను. దడ గదిలో మొదటిరోజే అందరికీ నేర్పుతారు. మొహం వంకరైనా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతమే, తగ్గిందని ఊరుకోవద్దు, క్షణం ఆగకుండా ఫోన్ చెయ్యండి అని. నాకు కంఠతా వచ్చు. ఫోను జేబులోనే ఉంది, బయటికి కూడా తీశాను. చేస్తే నిన్ను తీసుకెళ్ళి మంచం మీద పడుకోబెడతారు. శనివారం ఏడింటికి నువ్వు రావు. ఆ ఒక్కటే ఆలోచించి ఫోను లోపల పెట్టేశాను. తెలియక కాదు. తెలిసే ఊరుకున్నాను."